రాయని లైను

మొన్న శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే, ఆర్నెల్ల క్రితం మా టీములో చేరిన కుర్రాడొకడు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "చిన్న మార్పు సార్, ఎనిమిది లైన్లు. మీరొక్కసారి చూసి ఓకే అనేస్తే సోమవారం బిల్డులో వెళ్ళిపోద్ది" అన్నాడు. సార్ అనొద్దని చేరిన రోజు నుంచీ చెప్తూనే ఉన్నా. తెనాలి కుర్రాడు, నోటికి అదే వస్తుంది.

చూశాను. ఎనిమిది లైన్లే. ఓ కొత్త డిస్క్ అరే పేరు, దాని కంపెనీ పేరు, దార్లను ఎలా గుంపులు కట్టాలో ఒక మాట, మొదటి దారి బాగుపడగానే వెనక్కి రావాలా వద్దా అని ఇంకో మాట. అక్షర దోషాల్లేవు, కామాలు సరిగ్గా ఉన్నాయి. ఎవరైనా ఓకే అనేస్తారు. నేను అనలేదు. మూడు ప్రశ్నలడిగాను. వాడి మొహం మాడిపోయింది. శుక్రవారం ఆరింటికి మూడు ప్రశ్నలడిగే సీనియర్ మీద ఏ కుర్రాడికైనా ఎలాంటి అభిప్రాయం కలుగుతుందో నాకు తెలుసు. వాడి వయసులో నాకూ కలిగింది.

నా చాదస్తానికో కథ ఉంది. పదిహేనేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు, నాకు తప్ప.

ఈ రంగంలో లేనివాళ్ళ కోసం ముందు కాస్త ఉపోద్ఘాతం. తెలిసినవాళ్ళు ఓ నాలుగు పేరాలు దాటేయండి.

పెద్ద ఆఫీసుల్లో సర్వరు ఒకచోట, డేటా ఇంకోచోట ఉంటాయి. డేటా ఉండే పెట్టె పేరు డిస్క్ అరే. లోపల పదులో వందలో డిస్కులు, వాటి ముందు కాపలాగా సాధారణంగా రెండు కంట్రోలర్లు. సర్వరు నుంచి ఆ పెట్టెకి ఒకే కేబులుంటే, ఎవరి కాలో తగిలి అది ఊడిన రోజున కథ కంచికే. అందుకని సర్వర్లో రెండు కార్డులు, మధ్యలో రెండు స్విచ్చులు, అటువైపు రెండు కంట్రోలర్లు. అన్నీ జతలే, పెళ్ళి సామాన్లలాగా. దాంతో ఒక్క డిస్కుకి వెళ్ళడానికి నాలుగో ఎనిమిదో దార్లు తయారవుతాయి.

తమాషా ఏంటంటే, లినక్స్ కర్నెలుకి ఆ సంగతి తెలీదు. దార్లు ఎనిమిదుంటే దానికి ఎనిమిది డిస్కులు కనిపిస్తాయి. ఒకే ఇంటికి వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం, పక్క సందులోకి ఇంకో గుమ్మం ఉంటే, కొత్త పోస్ట్‌మాన్ మూడు ఇళ్ళనుకున్నట్టు. 'ఇవి మూడిళ్ళు కాదు నాయనా, ఇల్లొకటే, గుమ్మాలే మూడు' అని చెప్పే సాఫ్ట్‌వేరే మల్టిపాత్. అది ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి 'మీ అసలు గుర్తేంటి' అని అడుగుతుంది. అన్ని గుమ్మాల నుంచీ ఒకే గుర్తు వినిపిస్తే అన్నిటినీ కలిపి ఒక ఇల్లుగా చూపిస్తుంది. ఒక గుమ్మం మూసుకుపోతే ఇంకో గుమ్మం లోంచి సరుకు పంపిస్తుంది. లోపలున్న డేటాబేసుకి ఏం జరిగిందో తెలియను కూడా తెలియదు. తెలియకూడదు కూడా. మా పని బాగా జరిగిన రోజున మేమున్నామని ఎవరికీ గుర్తుండదు, ఇంట్లో మోటారులాగా.

ఇంతవరకూ అన్ని అరేలూ ఒకటే. తేడాలు గుమ్మాల దగ్గర మొదలవుతాయి. కొన్ని అరేల్లో అన్ని గుమ్మాలూ బార్లా తెరిచే ఉంటాయి, ఎందులోంచి వెళ్ళినా ఒకటే. కొన్నింట్లో వీధి గుమ్మం తెరిచి, దొడ్డి గుమ్మానికి లోపల్నించి గడియ వేసి ఉంటుంది. వీధి గుమ్మం పోయినప్పుడు దొడ్డివైపు వెళ్ళి, సవ్యంగా ఫలానా కమాండు పంపిస్తే గడియ తీస్తారు. మూడో రకం మహా మర్యాదస్తులు. దొడ్డి గుమ్మం ఎవరైనా తడితే చాలు, వీధి వసారాలో ఉన్న మంచాలు, కుర్చీలు, వంట సామానుతో సహా సంసారం మొత్తాన్ని దొడ్డివైపుకి మార్చేస్తారు. వెంటనే ఇంకెవరైనా వీధి గుమ్మం తడితే మళ్ళీ అన్నీ మోసుకుని వీధివైపుకి. విసుక్కోరు.

కొత్త అరేకి సపోర్టు ఇవ్వడమంటే, ఆ ఇల్లు ఈ మూడింట్లో ఏ రకమో కనుక్కుని, దానికి తగ్గట్టు తలుపు ఎలా తట్టాలో మల్టిపాత్ కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయడం. ఫైల్లో అది ఎనిమిది లైన్లు. కనుక్కోవడం మాత్రం... ఆ కథకే వస్తున్నా.

దానికి ముందు ఒక పక్కదారి. ఇంటిపేర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. అరేని 'ఎవరు నువ్వు' అని అడిగితే స్కజీ పద్ధతి ప్రకారం కంపెనీ పేరు 8 అక్షరాల్లో, సరుకు పేరు 16 అక్షరాల్లో చెప్పాలి. పేరు చిన్నదైతే మిగతాది ఖాళీలతో నింపాలి. మల్టిపాత్ టూల్స్ సోర్సులో ఈ పేర్లన్నీ ఒక పెద్ద పట్టికలో ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు నేనది మ్యూజియం చూసినట్టు చూస్తుంటాను. అందులో డీజీసీ అని ఒక పేరుంది. అంటే డేటా జనరల్ కార్పొరేషన్. ఆ కంపెనీని 1999లో ఈఎంసీ కొనేసింది. ఈఎంసీని 2016లో డెల్ కొనేసింది. అయినా క్లారియాన్ నుంచి యూనిటీ దాకా ఆ వంశంలో పుట్టిన అరేలన్నీ ఎవరడిగినా 'మాది డీజీసీ వారి ఇల్లండీ' అనే చెప్తాయి. డెక్ అనే పేరు కూడా ఉంది. డెక్‌ని 1998లో కాంపాక్, కాంపాక్‌ని 2002లో హెచ్‌పీ మింగేశాయి. 3పార్‌ని హెచ్‌పీ 2010లో కొంటే, దాని అరేలు ఆ తర్వాత కూడా 3పార్‌డేటా అనే పరిచయం చేసుకుంటూ వచ్చాయి.

ఎందుకు మార్చరు? మారిస్తే ప్రపంచంలో ఎక్కడెక్కడి కాన్ఫిగరేషన్ ఫైళ్ళలోనో ఆ పాత పేరు చూసి పోల్చుకుంటున్న సర్వర్లన్నీ, రాత్రికి రాత్రి ఇంటాయన్ని గుర్తుపట్టడం మానేస్తాయి గనక. మన ఇంటిపేర్లూ అంతేగా. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు, నాలుగు తరాలుగా ఎవరూ వెళ్ళను కూడా వెళ్ళలేదు. మార్చుకుంటే పెళ్ళి శుభలేఖలో ఎవరూ గుర్తుపట్టరు.

దీనికి తిరగేసిన వ్యవహారం కూడా ఉంది. ఎల్‌ఎస్‌ఐ వాళ్ళ ఎంజినియో విభాగం తయారుచేసిన అరేలే ఐబీఎం, సన్, ఎస్‌జీఐ, డెల్ లేబుళ్ళతో వేరువేరు పేర్లు పెట్టుకుని అమ్ముడయ్యేవి. (ఆ విభాగాన్ని 2011లో నెట్‌యాప్ కొనుక్కుంది.) లోపలి సరుకు ఒకటే, పట్టికలో మాత్రం ఒక్కో పేరుకి ఒక్కో చోటు. దీనివల్ల మావాళ్ళకి ఒక దురలవాటు వచ్చింది. కొత్త అరే రాగానే 'ఇది దేనికి చుట్టం?' అని అడగడం, ఆ చుట్టం లైన్లు కాపీ కొట్టి పేరు మార్చేయడం. నూటికి తొంభైసార్లు సరిపోతుంది. ఆ మిగతా పది గురించే ఇదంతా.

2008. అప్పుడు నేను వేరే కంపెనీలో ఉండేవాణ్ణి, మాదాపూర్లో. మేమమ్మే స్టోరేజీ సాఫ్ట్‌వేరు రెడ్ హ్యాట్ 5 మీద నడిచేది. కింద లినక్స్ మల్టిపాతే, పైన మా హంగులు. ఏయే అరేలకి ఏయే సెట్టింగులు ఉండాలో మా కాన్ఫిగరేషన్ ఫైలు మేమే ఇచ్చేవాళ్ళం. ఒక కొత్త అరేకి సపోర్టు కావాలన్నారు. పేరు అనవసరం, దాని తప్పేమీ లేదు. సేల్స్ వాళ్ళకి ఎప్పటిలాగే నిన్ననే కావాలి.

అరే వచ్చింది, ల్యాబులో పెట్టాం. దానికి చుట్టం ఎవరని అడిగాను, చెప్పారు. ఆ చుట్టం లైన్లు కాపీ కొట్టి, పేరు మార్చి, దార్ల గుంపులు కట్టే పద్ధతి ఒక్కటి మార్చాను. లెక్కపెడితే ఏడు లైన్లు. తర్వాత పరీక్షలు. ఒక సర్వరు, రెండు లన్‌లు. (లన్ అంటే అరే లోపల కోసిచ్చిన ఒక డిస్కు ముక్క అనుకోండి.) డేటా రాస్తూ ఉండగా కేబులు పీకాను, రాత ఆగలేదు. మళ్ళీ పెట్టాను, ఆగలేదు. స్విచ్చు ఆపాను, ఆగలేదు. కంట్రోలర్ లాగేశాను, రెండు క్షణాలు తటపటాయించి మళ్ళీ సాగింది. ఎక్సెల్ షీట్లో 42 గళ్ళు, అన్నీ పచ్చరంగు. సాయంత్రానికి మా వెబ్‌సైట్లో సపోర్టెడ్ అరేల జాబితాలో ఆ పేరు చేరింది. మా మేనేజరు అందరికీ మెయిలు కొట్టాడు, 'ఒకే ఒక్క రోజులో' అని నా పేరు బోల్డులో పెట్టి. ఆ మెయిలు చాలాకాలం దాచుకున్నాను.

మూడు నెలల తర్వాత, ఒక నెలాఖరు రాత్రి ఫోను. ముంబైలో ఒక బ్యాంకు. మా సాఫ్ట్‌వేరు, ఆ అరే, నాలుగు సర్వర్లు, అరవై దాకా లన్‌లు. నెలాఖరుకి వడ్డీలు లెక్కగట్టే బ్యాచ్ పని తెల్లవారుజామున నాలుగింటికి అయిపోవాలి, మూడింటికి పావు వంతు కూడా కాలేదు. తప్పులేమీ లేవు. డేటా పోలేదు, దార్లు తెగలేదు. నత్తనడక, అంతే. కాన్ఫరెన్సు కాల్లో పాతికమంది. అందులో అరే కంపెనీ తరఫున డేటా సెంటర్లోనే నిలబడి మాట్లాడుతున్న ఫీల్డు ఇంజనీరు ఒకతను. ఇంగ్లీషులో రెండు ముక్కలు వినగానే తెలిసిపోయింది తెలుగువాడని. కాల్ మధ్యలో విడిగా ఫోన్ చేశాడు.

"మీరు తెలుగువారేనాండీ? మాది వైజాగండి. అక్కడ అందరి ముందూ చెప్తే గొడవవుతాదని చేస్తున్నానండి. మా పెట్టెలో ఏం లేదండి. లన్‌లు ఈ కంట్రోలర్ నుంచి ఆ కంట్రోలర్‌కీ, ఆ కంట్రోలర్ నుంచి ఈ కంట్రోలర్‌కీ తిరుగుతూనే ఉన్నాయండి. లాగులో వేలకొద్దీ ఉన్నాయి. ఖాళీగా ఉన్న లన్‌లు కూడా తిరుగుతున్నాయండి. ఎవరో తిప్పుతున్నారు. మీ వైపు ఓసారి చూస్తారేంటండీ?"

చూడలేదు. 42 పచ్చ గళ్ళున్నవాణ్ణి, నేనెందుకు చూస్తాను? "మావైపు అన్నీ టెస్టు చేసే ఇచ్చామండీ. కంట్రోలర్లు వాటంతటవే మారుతున్నాయంటే ఫర్మ్‌వేర్ సమస్యే అయ్యుంటుంది" అన్నాను. అన్నది అతనితోనే కాదు, మళ్ళీ కాల్లోకొచ్చి పాతికమంది ముందూ అన్నాను. నా గొంతులో ధీమా ఎంత ఉందో, ఎవరూ ఎదురు చెప్పలేదు. పొద్దున పదింటికి బ్యాంకు శాఖలు తెరిచారు, బ్యాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. కౌంటర్ల ముందు జనం. ఆ రోజు పింఛన్ల రోజు కూడానట.

రెండు రోజులు అరే కంపెనీ మీద అందరూ విరుచుకుపడ్డారు. ఆధారం ఏంటంటే నా మాట.

మూడోరోజు, ఇంకేం తోచక ల్యాబులో అదే అరే ముందు కూర్చున్నాను. అతనన్న ఒక్క ముక్క బుర్రలో తిరుగుతోంది: ఖాళీగా ఉన్న లన్‌లు కూడా. నా టెస్టు సర్వర్లో ఏ పనీ నడవడం లేదు. ఒక్క అక్షరం రాయడం లేదు, చదవడం లేదు. అరే లాగు తెరిచాను. లన్ ఆ కంట్రోలర్‌కి వెళ్ళింది. ఈ కంట్రోలర్‌కి వచ్చింది. ఆ కంట్రోలర్‌కి వెళ్ళింది. సర్వర్లో మల్టిపాత్ డీమన్‌ని ఆపేశాను. లాగు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాను. లాగు కదిలింది. ఏసీ గదిలో చెమటలు పట్టడం అనేది సినిమాల్లోనే అనుకునేవాణ్ణి.

జరిగిందిది. దార్లన్నీ బతికున్నాయో లేదో మల్టిపాత్ ఐదు సెకన్లకోసారి చూస్తుంది, అన్నీ బావుంటే మెల్లమెల్లగా ఇరవై సెకన్లకోసారికి తగ్గిస్తుంది. ఎలా చూడాలన్నది సెట్టింగు. మనమేమీ చెప్పకపోతే, ఆ రోజుల్లో రెడ్ హ్యాట్ 5లో, డిస్కు మొట్టమొదటి సెక్టారు చదివి చూసేది. నేను కాపీ కొట్టిన చుట్టం ఇంట్లో అన్ని గుమ్మాలూ తెరిచే ఉంటాయి, ఏ గుమ్మం లోంచి చదివినా దానికి లెక్కలేదు. అందుకని వాళ్ళు ఆ సెట్టింగు రాయనే లేదు, డిఫాల్టుకి వదిలేశారు. నా కొత్త అరేనేమో పైన చెప్పిన మూడో రకం, మర్యాదస్తుల ఇల్లు. దొడ్డి గుమ్మం లోంచి ఒక్క సెక్టారు చదివితే చాలు, సంసారం అటు మార్చేస్తుంది. మార్చే ముందు క్యాషెలో ఉన్నదంతా సర్దుకోవాలి, దానికి టైము. అంటే 'బతికే ఉన్నావా' అని మేమడిగిన ప్రతిసారీ దాని ప్రాణం తీస్తున్నామన్నమాట. ల్యాబులో ఒక సర్వరు, రెండు లన్‌లు కాబట్టి ఆ కుదుపు ఎవరికీ తెలీలేదు. ముంబైలో నాలుగు సర్వర్లు, అరవై లన్‌లు, ఒక్కో లన్‌కి ఎనిమిది దార్లు. లెక్క మీరే వేసుకోండి.

పైగా నా 42 గళ్ళలో ఒక్కదానికీ 'ఎంత వేగంగా' అన్న ప్రశ్న లేదు. 'ఆగిందా, ఆగలేదా' అన్నదొక్కటే. అంతకంటే పరువు తక్కువ సంగతి ఇంకోటుంది. కేబులు పీకినప్పుడు రాత అంత సాఫీగా కొనసాగడానికి కారణం నా ప్రతిభ కాదు. అరేయే తట్టిన గుమ్మానికల్లా పరిగెత్తి తలుపు తీస్తోంది. ఏ పరీక్షలో నెగ్గానని మురిసిపోయానో, జబ్బు లక్షణం సరిగ్గా అదే.

మందు ఒకే ఒక్క లైను. సెక్టారు చదవొద్దు, 'సిద్ధంగా ఉన్నావా' అని మాత్రం అడుగు. స్కజీలో దానికి టెస్ట్ యూనిట్ రెడీ అని ఒక కమాండుంది. ఇది తలుపు తట్టడం కాదు, కిటికీలోంచి తొంగిచూడటం. ఆ అరే దానికి జవాబు చెప్తుంది గానీ సామాను కదపదు. ఆ లైను చేర్చాను. నేను రాసిన ఏడు లైన్లలో తప్పు లేదు. రాయని ఎనిమిదో లైనులో ఉంది.

సవరణ వెళ్ళింది, బ్యాంకు కుదుటపడింది. మా విడుదల పత్రంలో ఏం రాశామో ఇప్పటికీ గుర్తే: 'ఫలానా అరేతో అనుకూలత మెరుగుపరచబడింది' అనే అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం. ఆ వాక్యం రాసింది నేనే. చెడగొట్టిందెవరో చెప్పక్కర్లేకుండా బాగుపడినట్టు చెప్పడానికి కర్మణి ప్రయోగాన్ని మించింది ఏ భాషలోనూ లేదు. అరే కంపెనీ వాళ్ళకి 'ఫర్మ్‌వేర్‌ది కాదు, తప్పు మాది' అని ఒక మెయిలు కొట్టాలని ముసాయిదా రాసుకున్నాను. మా మేనేజరు "సద్దుమణిగింది కదా, ఎందుకు కెలకడం?" అన్నాడు. ఆయన మీద నెట్టేయడానికి చెప్పట్లేదిది. ఆయన అలా అంటే బావుణ్ణని అనుకుంటూనే ఆయన గదిలోకి వెళ్ళాను.

నెల తర్వాత ఆ వైజాగ్ అతని నంబరుకి ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తారు. ఆ బ్యాంకు పని నుంచి తప్పించారట, ఆ రెండు రోజుల గొడవలోనే. కస్టమరు ముందు ఎవర్నో ఒకర్ని మార్చి చూపించాలిగా. ఎక్కడికి వేశారో ఆ ఎత్తినతనికి తెలీదు. నేను గట్టిగా కనుక్కోలేదు కూడా. మొదటి రాత్రే, ఫోన్లో, మర్యాదగా, పూర్తి జవాబు నా చేతిలో పెట్టినవాడు అతను.

ఇక మా కుర్రాడి ఎనిమిది లైన్ల దగ్గరికి.

ఇప్పుడు రోజులు మారాయి, నిజమే. అలువా అని ఒక ప్రమాణం ఉంది. అరేయే తనంతట తాను 'ఈ గుమ్మం దగ్గరదారి, ఆ గుమ్మం చుట్టుదారి, అదిగో అది ప్రస్తుతానికి మూసుంది' అని చెప్పేస్తుంది. ఇప్పటి మల్టిపాత్ టూల్స్ ఆ మాట విని, ఎలా తట్టాలో, ఏ దారికి ఎంత ప్రాధాన్యమో చాలావరకు తనే తేల్చుకుంటుంది. నా 2008 ఘనకార్యం ఇవాళ చేయాలన్నా కష్టం. నిజం చెప్పాలంటే, బుద్ధిగా అలువా పాటించే అరేకి ప్రత్యేకంగా లైన్లు రాయాల్సిన అవసరం చాలా తక్కువ. అయినా 'మా పేరు జాబితాలో లేదు, చేర్చండి' అని కంపెనీలు వెంటపడతాయి. వాళ్ళ సేల్స్ వాళ్ళకి పేరు కనపడాలి మరి, శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరులాగా.

కానీ ఏ ప్రమాణమూ చెప్పని సంగతి ఒకటుంది. అన్ని దార్లూ ఒకేసారి పోతే ఎంతసేపు ఎదురుచూడాలి? అసలు చూడకుండా వెంటనే చేతులెత్తేస్తే, నాలుగు క్షణాల్లో సర్దుకునే దానికి కూడా ఫైల్ సిస్టమ్ బెదిరిపోయి రీడ్ ఓన్లీ అయి కూర్చుంటుంది, డేటాబేసు పడిపోతుంది. పోనీ ఎప్పటికైనా వస్తుందిలే అని అనంతంగా చూడమంటే, అరే నిజంగానే పోయినరోజు సర్వర్లో ప్రతి ప్రాసెసూ బిగుసుకుపోతుంది. చంపినా చావవు, రీబూటు కూడా సరిగ్గా అవదు. మధ్యలో ఎక్కడో ఒక అంకె పెట్టాలి. ఆ అంకె ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ అరే ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు దార్లన్నీ ఎంతసేపు మాయమవుతాయో గోడ గడియారం పెట్టి చూడాలి. తయారుచేసినవాళ్ళ కాగితం మీద 'కంట్రోలర్లు ఒకదాని తర్వాత ఒకటి రీస్టార్ట్ అవుతాయి, రెండూ ఒకేసారి పోవు' అనే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి సిగరెట్లు ముట్టడన్నట్టు.

కుర్రాడి ఎనిమిది లైన్లలో ఆ లైను లేదు. నా మొదటి ప్రశ్న అదే: "అన్ని దార్లూ పోతే ఏమవుతుంది?"

"డిఫాల్టు సార్."

"డిఫాల్టు ఏంటి?"

కాసేపు ఆగి, "చూసి చెప్తా సార్" అన్నాడు.

అక్కడే ఉంది నా బాధంతా. మల్టిపాత్ టూల్స్ పట్టికలో కొత్త అరే చేర్చేవాళ్ళ కోసం ఒక నమూనా ఉంటుంది. డిఫాల్టుతో సమానంగా ఉన్నవి రాయకండి, తేడా ఉన్నవే రాయండి అని అందులోనే చెప్తారు. చక్కటి పద్ధతి, పట్టిక శుభ్రంగా ఉంటుంది. కాకపోతే ఆలోచించి, పరీక్షించి, డిఫాల్టే సరైనదని తేల్చుకున్నవాడూ ఏమీ రాయడు. అసలు ఆ ప్రశ్న ఉందనే తెలియనివాడూ ఏమీ రాయడు. చదివేవాడికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఆ చుట్టం అరే లైన్లు రాసినవాళ్ళు మొదటి రకం. నేను రెండో రకం. ఫైల్లో మా ఇద్దరి ఖాళీ ఒకటే.

రెండో ప్రశ్న, దారి మారుతున్న మధ్యకాలంలో అరే ఏం జవాబిస్తుంది? 'మారుతున్నా, ఆగు' అంటుందా, లేక మొహమాటం లేకుండా ఎర్రర్ విసురుతుందా? మూడోది, ఇంకా ఒక్క లన్ కూడా ఇవ్వని సర్వర్‌కి అది ఏం చూపిస్తుంది? ఇది వింతగా అనిపించొచ్చు గానీ, పైన చెప్పిన డీజీసీ వారు అసలు లన్ లేనప్పుడు లన్‌జెడ్ అని ఒక ఉత్తుత్తి డిస్కుని గుమ్మంలో నిలబెడతారు. దాన్ని మల్టిపాత్ పట్టించుకోకూడదని పట్టికలో ప్రత్యేకంగా రాయాల్సొచ్చింది. ఇలాంటివి ఇంకెంతమంది ఇళ్ళల్లో ఉన్నాయో వెళ్ళి చూస్తేగానీ తెలీదు.

శనివారం పొద్దున కుర్రాడు ల్యాబుకి వచ్చాడు. రమ్మని నేననలేదు, వాడే వచ్చాడు. నేనూ వెళ్ళాను. ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయను. నాలుగు సర్వర్లు కలిపాం, యాభై లన్‌లు కోశాం, అన్నిటిమీదా రాత మొదలుపెట్టి ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ నొక్కాం. మొదటి కంట్రోలర్ వెళ్ళింది, వచ్చింది. రెండోది వెళ్ళింది. దాంతోపాటు, ఇప్పుడే వచ్చిన మొదటిది కూడా ఒక్కసారి మునకేసింది. దార్లన్నీ ఎర్రగా అయిపోయాయి. నేను గడియారం చూస్తున్నాను, వాడు నన్ను చూస్తున్నాడు. 47 సెకన్లు. ఈలోపు నాలుగు సర్వర్లలోనూ ఫైల్ సిస్టమ్‌లు రీడ్ ఓన్లీ అయి కూర్చున్నాయి.

"ఇది కస్టమర్ దగ్గర అయ్యుంటే..." అని ఆపేశాడు వాడు. నేను వాడికి ముంబై కథ చెప్పాను, వైజాగ్ అతని ఫోనుతో సహా. ఇంతకు ముందు ఆఫీసులో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకుని మళ్ళీ చేశాం, మూడుసార్లు. ఒకసారి 39, ఒకసారి 52, ఒకసారి అసలు మాయమే కాలేదు. (ఆ మూడోది చూసి, ల్యాబులో ఒక్కసారే పరీక్షించేవాళ్ళని తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. నేను కాస్త తక్కువ నవ్వాను.) ఐదు సెకన్లకోసారి చొప్పున 24 సార్లు, అంటే రెండు నిమిషాలు ఎదురుచూడమని వాడు తొమ్మిదో లైను రాశాడు. దానిపైన కామెంటు: ఏ ఫర్మ్‌వేర్ నుంచి ఏ ఫర్మ్‌వేర్‌కి మారుస్తుంటే, ఎన్ని సర్వర్లు, ఎన్ని లన్‌లతో, ఎన్ని సెకన్లు పోయిందో. డిఫాల్టుకి వదిలేసిన మిగతా సెట్టింగుల గురించి కూడా, 'ఇవి చూశాం, డిఫాల్టు సరిపోయింది' అని ఇంకో రెండు లైన్లు. సెట్టింగులు తొమ్మిది లైన్లైతే కామెంట్లు పదకొండయ్యాయి. ఇంత కామెంటు ఎవరూ ఒప్పుకోరేమో అన్నాడు. ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపమన్నాను.

రెండో ప్రశ్నకి జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు. అరే కంపెనీకి రాశాం, చూస్తున్నామన్నారు. అందుకని ఆ అరే సోమవారం బిల్డులో వెళ్ళలేదు. సేల్స్ నుంచి పొద్దున్నే రెండు మెయిళ్ళొచ్చాయి, రెండోదాంట్లో మా డైరెక్టరు గారిని కూడా కలిపారు. కుర్రాడు కంగారుపడుతూ నా బల్ల దగ్గరకొచ్చాడు. జవాబు నేనిస్తానని చెప్పి కూర్చోమన్నాను.